పెట్ట పొదుగుకొచ్చిందా? నీళ్లలో ముంచకముందు ఇవి మీకు తెలుసా?

నిన్నటిదాకా రోజుకో గుడ్డు పెట్టిన పెట్ట ఉన్నట్టుండి గూట్లో కూలబడుతుంది. చెయ్యి పెడితే ఈకలు నిక్కబొడుచుకుని, గొంతులో గుర్రుమని పొడవడానికి వస్తుంది. ఇది రోగం కాదు, పొగరూ కాదు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ప్రోలాక్టిన్ అనే హార్మోనును ఎక్కువగా వదులుతోందన్నమాట. బాలింతకు పాలు పడేలా చేసేదీ ఇదే హార్మోను. గుడ్లు పెడుతున్న కోళ్లకు ప్రోలాక్టిన్ ఎక్కిస్తే అవి పొదుగుకు వస్తాయని అమెరికా శాస్త్రవేత్త ఆస్కార్ రిడిల్, ఆయన సహచరులు 1935లోనే చూపించారు. ఈ హార్మోను పెరిగిందంటే గుడ్లు ఆగిపోతాయి, మేత తగ్గిపోతుంది, తలమీది తురాయి ముడుచుకుని పాలిపోతుంది, పొట్ట కింద ఈకలు రాలి ఒళ్లు బయటపడుతుంది. ఆ ఈకలు లేని చోట రక్తనాళాలు ఉబ్బి చర్మం వెచ్చగా ఉంటుంది. గుడ్డుకు వేడి తగిలేది అక్కడినుంచే.

◆ రాయలసీమలోని బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాళ్ల గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో కూలికి పోయే ఇళ్లయినా, వానను నమ్ముకుని శనగో కందో వేసే ఇళ్లయినా, పెరట్లో నాలుగు నాటుకోళ్లు ఉంటే ఆ ఇంటి ఆడవాళ్ల చేతిలో నాలుగు రూపాయలు ఆడుతాయి. అందుకే పెట్ట పొదుగుకు రావడం ఇంట్లో చిన్న విషయం కాదు. పిల్లలు కావాలనుకున్న ఇల్లాలికి అది వరం. గుడ్లు అమ్ముకునే ఇల్లాలికి అది నష్టం. ఒకే వీధిలో ఈ ఇద్దరూ ఉంటారు. ఒకామె పెట్టను గుడ్లమీద నుంచి లేపడానికి తంటాలు పడుతుంటే, రెండిళ్ల అవతల ఇంకొకామె పొదిగే కోడి దొరక్క అల్లాడుతుంటుంది. చాలా తిప్పలకు మందు ఈ రెండిళ్ల మధ్యే ఉంది.

◆ నాటుపెట్ట ఏడాదికి 50 నుంచి 60 గుడ్లే ఎందుకు పెడుతుందో తెలుసా? లెక్క వేయండి. 12 నుంచి 18 గుడ్లు పెట్టడానికి సుమారు మూడు వారాలు. పొదగడానికి 21 రోజులు. పిల్లల్ని వెంటేసుకుని తిరగడానికి రెండు నుంచి మూడు నెలలు. ఒక విడత ముగిసేసరికి నాలుగు నెలలు గడిచిపోతాయి. ఏడాదికి మూడు విడతలు, మహా అయితే నాలుగు. ఫారాల్లో ఏడాదికి 300 దాకా గుడ్లు పెట్టే లెగ్‌హార్న్ వంశం కోళ్లు మనవాటికంటే బలమైనవేమీ కాదు. పొదుగుకు వచ్చేవాటిని పక్కన పెడుతూ, రానివాటినే తరాల తరబడి ఎంచుకుంటూ పోవడం వల్ల వాటిలో ఆ గుణం దాదాపు పోయింది. అవి గుడ్డు పెడతాయి, లేచి పోతాయి. ఇంక్యుబేటరు లేకపోతే వాటి సంతానం ఒక్క తరంతో ఆగిపోతుంది.

◆ హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్లను పెరటి పెంపకానికి ఇస్తున్నారు. బరువుకు వనరాజా, గుడ్లకు గ్రామప్రియ. రెండూ మంచివే. అయితే వాటిని తెచ్చుకున్నవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది: అవి పొదుగుకు రావడం బహు అరుదు. పిల్లలు కావాలంటే మళ్లీ కొనాలి, లేదా వాటి గుడ్లను నాటుపెట్ట కింద పెట్టాలి. కానీ అలా పుట్టిన పిల్లల్లో తల్లిదండ్రుల గుణాలు చెదిరిపోతాయి, అంత బాగా గుడ్లు పెట్టవు. కాబట్టి కొత్తరకం కోళ్లు తెచ్చుకున్నా, పెరట్లో ఒకటి రెండు నాటుపెట్టలు ఉండనివ్వమనే నేను చెబుతాను. మన ఆంధ్రదేశానికి పేరు తెచ్చిన అసీల్ జాతిది ఈ కొత్తరకాలకు తలకిందుల వ్యవహారం. గుడ్లు చాలా తక్కువ. పొదగడంలో, పిల్లల మీదికి గద్ద వాలితే ఎదురు తిరగడంలో మాత్రం దానికి సాటి లేదు.

◆ పొదుగు పట్టిందా, ఉత్తుత్తిగా కూర్చుందా? పగలు చూసి చెప్పలేరు. రాత్రి చూడాలి. కొమ్మమీదో దండెం మీదో పడుకోవాల్సిన పెట్ట వరుసగా రెండు రాత్రులు గూట్లోనే ఉంటే అది నిజమైన పొదుగు. ఇంకో గుర్తు, రోజుకు ఒక్కసారే గూడు దిగి వేసే రెట్ట. మామూలు రెట్టకు మూడు నాలుగింతలు ఉండి, భరించలేనంత కంపు కొడుతుంది. గూడు మురికి కాకుండా రోజంతా ఆపుకుంటుంది మరి. మంచి గుడ్లు పెట్టకముందు రెండు రోజులు మురుగు గుడ్డో, కొయ్యతో చేసిన గుడ్డో పెట్టి చూడండి. దాన్ని వదలకుండా కూర్చుంటే అప్పుడు నమ్మవచ్చు.

◆ పొదిగేటప్పుడు పెట్ట గూడు దిగే తీరు ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ముందు మెల్లగా కాళ్లు సర్దుకుంటుంది, గుడ్డు చిట్లకుండా ఒక్కో వేలూ చూసుకుని లేస్తుంది. బయటికి రాగానే మాత్రం నిదానం ఉండదు. రెక్కలు విరుచుకుని కొక్కొక్కుమంటూ పరుగు పెడుతుంది, నాలుగు గింజలు, రెండు గుక్కల నీళ్లు, దిబ్బమీద మట్టిలో ఒక పొర్లు, అంతే. పదిహేను ఇరవై నిమిషాల్లో తిరిగి గూట్లో ఉంటుంది. కూర్చున్నాక ముక్కుతో ఒక్కో గుడ్డును పొట్ట కిందికి లాక్కుంటుంది, తిప్పుతుంది. రోజులో ఇలా ఎన్నోసార్లు తిప్పుతూనే ఉంటుంది. తిప్పకపోతే లోపలి పిండం పెంకు పొరకు అంటుకుని చచ్చిపోతుంది. ఇంక్యుబేటరులో మోటారు చేసే పని ఇదే.

ఈ మూడు వారాల్లో పెట్ట బరువులో అయిదో వంతు దాకా తగ్గిపోవచ్చు. బంగ్లాదేశ్ పల్లెల్లో ఆడవాళ్లు వాడే హాజల్ అనే మట్టి గూడు నాకు బాగా నచ్చింది. గుడ్లు పెట్టే లోతైన మట్టి తొట్టికి అంచునే రెండు చిన్న గిన్నెలు కలిపి చేస్తారు. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో మేత. పెట్ట లేవకుండానే తింటుంది, తాగుతుంది. ఒళ్లు చిక్కదు, మళ్లీ త్వరగా గుడ్లకు వస్తుంది. మన కుమ్మరి చేతికి ఇది ఒక్కపూట పని. అదీ కుదరకపోతే గంప పక్కనే చెయ్యి చాచినంత దూరంలో సజ్జలు, నీళ్లు పెట్టినా చాలు.

◆ ఎండాకాలంలో పొదగేసిన గుడ్లు ఎందుకు మురిగిపోతాయి? "పుంజు తొక్కినా పిల్ల కాలేదు" అని పుంజును తిట్టుకునేవాళ్లు చాలామంది. తప్పు పుంజుది కాదు, మే నెలది. గుడ్డులోని పిండం 20-25 డిగ్రీల వేడి దాటగానే నెమ్మదిగా కదలడం మొదలుపెడుతుంది. బయట 42 డిగ్రీలు కాసే రోజుల్లో అటకమీది చిప్పలో వారం దాచిన గుడ్డులో పిండం, పెట్ట కూర్చోకముందే సగం పెరిగి, సగంలోనే చచ్చిపోతుంది. తరవాత ఎన్ని రోజులు కూర్చున్నా వచ్చేది కంపే. గుడ్లను దాచడానికి 15 నుంచి 18 డిగ్రీలు మేలు. సీమ ఎండల్లో అంత చల్లదనం ఎక్కడిది అంటే, వెడల్పు తొట్టిలో ఇసుక పోసి తడిపి, అందులో సగం పూడేలా మట్టికుండ దించి, గుడ్లను సన్నంచు కిందికి ఉండేలా అందులో పెట్టి, పైన తడిగుడ్డ కప్పి నీడలో ఉంచండి. ఇసుక ఆరనివ్వకండి. అలా దాచినా చలికాలంలో వారం, ఎండాకాలంలో మూడు నాలుగు రోజులకు మించి దాచిన గుడ్లను పొదగేయకండి, కూరలో వేసుకోండి.

ఇక పెట్ట కింద గుడ్డుకు కావాల్సిన వేడి 37.5 డిగ్రీలు. రేకుల కొట్టంలో మధ్యాహ్నం అంతకంటే వేడిగా ఉంటే పెట్ట ఏం చేయగలదు? నోరు తెరిచి రొప్పుతుంది, చివరికి లేచిపోతుంది. అందుకే బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల వంటి రాతినేలల్లో కార్తీకం నుంచి మాఘం దాకా పొదగేయడం ఉత్తమం. ఎండాకాలం తప్పదంటే రేకుల కింద కాకుండా వేపచెట్టు నీడలోనో, బండలు పరిచిన మిద్దె లోపలో చోటు చూడాలి.

◆ పుంజు లేని ఇంట్లో కూడా పుంజు తొక్కిన గుడ్లు కొన్నాళ్లు దొరుకుతాయని తెలుసా? ఒకసారి కలిస్తే పుంజు వీర్యం పెట్ట కడుపులోని సన్నటి గొట్టాల్లో నిలవ ఉంటుంది. పుంజును అమ్మేసినా, కోసుకున్నా, ఆ తరవాత పది రోజులు, ఒక్కోసారి రెండు వారాల దాకా పెట్టే గుడ్లలో పిల్ల కట్టే వీలుంది.

◆ గుండ్రటి గుడ్డు పెట్టపిల్ల, కోసుగా ఉంటే పుంజుపిల్ల అని ఏరి పెడతారు. ఇది నిజం కాదు. గుడ్డు ఆకారం తల్లి గుణాన్ని బట్టి వస్తుంది, ఒక పెట్ట గుడ్లన్నీ ఇంచుమించు ఒకే తీరున ఉంటాయి. మరీ పెద్దవి, మరీ చిన్నవి, పెంకు పగుళ్లున్నవి మాత్రం ఏరిపారేయండి. మట్టి అంటిందని గుడ్డును కడగకండి. పెంకు మీద సన్నటి పొర ఒకటుంటుంది, అది పోతే క్రిములు లోపలికి దూరతాయి.

ఉరుములకు గుడ్లు మురుగుతాయని గంపలో ఇనుపముక్కో, బొగ్గో వేసే అలవాటూ ఉంది. ఉరుముకు పిండం చావదు. ఉరుములొచ్చే కాలమే వేడి, ఉక్క, చెమ్మ కలిసిన కాలం. గుడ్లను చెడగొట్టేది అదే. ఇనుపముక్క వేస్తే వేసుకోండి, దానివల్ల నష్టం లేదు. వాన చెమ్మ గంపకు తగలకుండా చూడటం మాత్రం మరవకండి.

◆ ఏడో రోజు రాత్రి చేయాల్సిన పని ఒకటుంది. గుడ్డును ఒక్కొక్కటే తీసి వెడల్పు వైపు సెల్‌ఫోన్ టార్చి ఆనించి చూడండి. వెనకటికి లాంతరు ముందు గుప్పిట్లో పట్టుకుని చూసేవారు. మధ్యలో చిన్న చుక్క, దానినుంచి నలువైపులా పాకిన ఎర్రటి సన్న దారాలు కనిపిస్తే పిల్ల కట్టినట్టు. తేటగా ఉంటే కట్టలేదు. లోపల ఎర్రటి వలయం ఒక్కటే కనిపిస్తే కట్టి చచ్చింది. చెడ్డవి అప్పుడే తీసేయాలి. మురిగిన గుడ్డు ఒకటి పగిలిందంటే ఆ క్రిములు పక్క గుడ్లకూ పాకుతాయి. పద్దెనిమిదో రోజు దాటాక మాత్రం గుడ్ల జోలికి పోకండి. అప్పటికి పిల్ల తల తిప్పుకుని పొడవడానికి సిద్ధమవుతుంటుంది. పెంకు లోపలినుంచే కిచకిచమంటుంది, తల్లి పైనుంచి బదులు పలుకుతుంది. గంపకు చెవి ఆనిస్తే మీకూ వినిపిస్తుంది.

◆ కోడికి క్యాలెండరు తెలియదు. దాని కింద బాతు గుడ్లు పెడితే 28 రోజులు కూర్చుని లేపుతుంది, టర్కీ కోడి గుడ్లూ అంతే. ఈ గుణమే దానికి ముప్పు కూడా. ఒక్క గుడ్డూ పిల్ల కాకపోతే నాలుగు వారాలు, అయిదు వారాలు కూర్చుని ఎండిపోతుంది. కాబట్టి 21 రోజులకు పైన మూడు రోజులు చూసి, రాకపోతే మీరే లేపాలి. వెంటనే రెండో విడత గుడ్లు పెట్టి మళ్లీ కూర్చోబెట్టడం ఆ ప్రాణిని చంపడమే.

◆ మన కోళ్లకు పసుపు కాళ్లు ఎక్కడివి? కోళ్ల మూలం ఆగ్నేయాసియా వైపు ఎర్ర అడవికోడి. దాని కాళ్లు పసుపు కాదు. పసుపు చర్మాన్నిచ్చే జన్యువు మన నల్లమలలో తిరిగే బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం తేల్చింది. అంటే ప్రపంచమంతా ఉన్న పసుపుకాళ్ల కోళ్లలో దక్షిణ భారతపు అడవి రక్తం చుక్క ఉంది. అడవిపెట్ట కూడా నాలుగైదు గుడ్లు పెట్టి, చాలనుకుని కూర్చుంటుంది. మన పెరటి పెట్టలో మిగిలింది ఆ అడవి బుద్ధే.

◆ సరే, పొదుగు వద్దనుకున్నవాళ్ల సంగతి. దక్షిణాది పల్లెల్లో పెట్ట ముక్కురంధ్రంలో ఈక గుచ్చే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. ముక్కులో ఈక అడ్డుపడితే అది చిరాకుతో తిరుగుతుంది, కూర్చోదు. పుండు పడుతుంది, చీము పడుతుంది, మేత సరిగా తినలేదు. దయచేసి ఈ పని మానేయండి. కాళ్లు కట్టి ఎండలో పడేయడం, తిండి నీళ్లు లేకుండా గంప కింద మూయడం కూడా అలాంటివే. తిండి మానేసి ఇప్పటికే చిక్కిన కోడిని ఇంకా ఎండగడితే గుడ్లు మరింత ఆలస్యమవుతాయి తప్ప త్వరగా రావు.

నీళ్లలో ముంచడంలో కొంత అర్థముంది. పొట్ట చల్లబడితే పొదుగు సడలుతుంది. అయితే తల దాకా ముంచి ఊపిరాడకుండా చేయడం, చలికాలం సాయంత్రం ముంచి వదలడం ప్రమాదం. ఎండ పూట పొట్ట కిందిభాగం మాత్రమే ఒకసారి తడిపి నీడలో వదిలితే చాలు.

అన్నిటికన్నా నమ్మకమైన దారి జల్లెడ అడుగున్న పంజరం. ఇనుప జాలీ అడుగుగా ఉన్న పాత పంజరమో, కూరగాయల ప్లాస్టిక్ క్రేటో తీసుకోండి. బేతంచెర్లలో నాపరాళ్ల ముక్కలకు కొదవ లేదు కదా, నాలుగు మూలలా నాలుగు ముక్కలు పేర్చి దాన్ని జానెడు ఎత్తులో నిలపండి. లోపల గడ్డి వద్దు, పొట్టు వద్దు, గుడ్డపేలిక కూడా వద్దు. మేత, నీళ్లు నిండుగా ఉండాలి. చెట్టు నీడలో, మిగతా కోళ్లు కనిపించే చోట ఉండాలి. పొట్ట కిందినుంచి గాలి ఆడుతుంటుంది, గూడు స్పర్శ ఉండదు, ప్రోలాక్టిన్ తగ్గిపోతుంది. మూడు నాలుగు రోజుల్లో మామూలు నడకకు వస్తుంది. వదిలాక నేరుగా మళ్లీ గూటికే పరుగెత్తితే ఇంకో రెండు రోజులు ఉంచండి. పొదుగు పట్టిన తొలిరోజుల్లోనే ఇలా చేస్తే వారం పది రోజుల నుంచి రెండు వారాల్లో మళ్లీ గుడ్డు పెడుతుంది. రెండు వారాలు కూర్చున్నాక లేపితే అంతకు రెట్టింపు కాలం పట్టవచ్చు. ఆలస్యమయ్యే ప్రతి రోజూ మీకే నష్టం.

పొదుగు రాకుండా చూడాలంటే గుడ్లను ఏ రోజువి ఆ రోజే తీసేయండి. గూట్లో గుడ్లు పోగుపడటం చూస్తే, తగిలితే, పెట్టకు కూర్చోవాలనే కోరిక పుడుతుంది. ఒకటి కూర్చుంటే దాన్ని చూసి ఇంకొకటి కూర్చుంటుంది.

◆ వీధిలో పొదుగు పెట్టలను ఒకే రోజు కూర్చోబెట్టడంలో ఎంత లాభముందో తెలుసా? గద్ద కన్నా, ముంగిస కన్నా పిల్లలను ఎక్కువగా మింగేది కొక్కెర తెగులు. ఉత్తరాదిలోని రాణిఖేత్ ఊరిపేరుతో పశువైద్యులు పిలిచేది దీన్నే. పిల్లలకు ఏడు రోజుల వయసులోపు కంట్లో ఒక చుక్క లాసోటా టీకా వేయాలి. ఆ టీకా సీసా ఒకటి కలిపితే వంద పిల్లలకు తక్కువ కాదు, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పది పిల్లలున్న ఇంటావిడ సీసా తెచ్చి తొంభై చుక్కలు పారబోయాలా? అందుకే టీకా మానేస్తారు, పిల్లలు పోతాయి. వీధిలో ఏడెనిమిది పెట్టలను ఒకే సాయంత్రం పొదగేస్తే పిల్లలన్నీ ఒక్క రోజే లేస్తాయి, ఒక్క సీసాతో అందరివీ అయిపోతాయి. ఇంకో మేలు కూడా ఉంది. రెండు పెట్టల కింద అయిదు, ఆరు పిల్లలే లేస్తే అన్నీ ఒకదాని కింద రాత్రిపూట తోసేయవచ్చు. రెండో పెట్ట ఖాళీ అయ్యి త్వరగా గుడ్లకు వస్తుంది. చీకట్లో పెట్టిన పిల్లలను తెల్లారేసరికి తనవే అనుకుంటుంది.

◆ లేచిన పిల్లకు మొదటి రెండు రోజులు మేత లేకపోయినా బతుకుతుంది. పెంకు బద్దలయ్యే ముందే మిగిలిన పచ్చసొనను కడుపులోకి లాక్కుంటుంది. ఆ తరవాత నూకలు, సన్నగా నలిపిన కొర్రలు వేసినా ఒళ్లు పట్టడానికి మాంసకృత్తులు కావాలి. పాతకాలపు ఉపాయం ఒకటి ఇప్పటికీ పనికొస్తుంది. పాత కుండలో చొప్ప ముక్కలు, ఎండు పేడ వేసి, నీళ్లు చల్లి, చెదలున్న చోట బోర్లించండి. మరునాడు తీస్తే కుండ నిండా చెదలు. పిల్లలకు దానికన్నా ఇష్టమైన మేత లేదు, దానికి రూపాయి ఖర్చూ లేదు. నెల రోజులు దాటి, ఈకలు కమ్మి, చలికి తట్టుకునే పిల్లలను తల్లినుంచి వేరుచేసి గంప కింద మేపుకుంటే తల్లి రెండు మూడు వారాల్లో మళ్లీ గుడ్లకు వస్తుంది. ఏడాదికి ఒక విడత అదనంగా దక్కుతుంది.

◆ పొదిగే కోడికి పేలు ఎందుకు ఎక్కువ? మిగతా కోళ్లలా రోజూ మట్టిలో పొర్లే తీరిక దానికి లేదు కాబట్టి. గంప అడుగున ముందు బూడిద, ఇసుక కలిపి పరవండి. దానిమీద ఎండిన వేపాకు, ఆపైన గడ్డి. పేలు పట్టి ఒళ్లు జిల పెడితే పెట్ట గుడ్లు వదిలేసి పోతుంది. గంపను రాళ్ల కుప్పకు ఆనించి పెట్టకండి. నాపరాళ్ల సందుల్లో పాములు, తేళ్లు ఉంటాయని ఈ ప్రాంతంవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. గుడ్ల వాసనకు జెర్రిపోతు, నాగుపాము రెండూ వస్తాయి. చీకట్లో గంప కింద చెయ్యి పెట్టేముందు టార్చి వేసి చూడటం ప్రాణరక్షణ.

◆ చివరగా, ఈ సీమ పల్లెల్లో వినిపించే మాట ఒకటి:

"అక్కా, మా పెట్ట పొదుగుకొచ్చిండాది. నీ కాడ పుంజు తొక్కిన గుడ్లుంటే పది ఇయ్యి."

"ఇస్తాలే మా. పిల్లలైనాక రెండు పెట్టపిల్లలు నాకియ్యాల."

కాగితం లేదు, వడ్డీ లేదు. గుడ్లున్నామెకు పెట్ట దొరికింది, పెట్ట ఉన్నామెకు గుడ్లు దొరికాయి. ఇలాంటి వాటా పద్ధతి తూర్పు కనుమల మన్యంలో అసీల్ కోళ్ల విషయంలోనూ ఉంది. కోడి లేని ఇంటికి పెట్టను పెంపకానికిచ్చి, లేచిన పిల్లలను పంచుకుంటారు. కోళ్లు లేని ఇల్లు కోళ్లున్న ఇల్లు అయ్యేది అలాగే.

కాబట్టి మీ పెట్ట రెండు రాత్రులు వరుసగా గూడు దిగలేదంటే మూడో రోజే తేల్చుకోండి. పిల్లలు కావాలంటే పొద్దుగూకాక, తాజా గుడ్లు తొమ్మిదో పదో, దాని రెక్కల కింద ఎన్ని దాగుతాయో అన్నే పెట్టండి. వద్దంటే జాలీ పంజరంలో నాలుగు రోజులు ఉంచండి. ఆ రెండూ కాక, పక్కింట్లో పొదిగే కోడి కోసం చూసేవాళ్లున్నారేమో ఒక్కసారి అడగండి. పెట్టను గంపతో సహా మూడు వారాలు బదులిచ్చి చూడండి.